నంబర్ వన్ అని ఎవరు చెప్పారు?

మూడో సంవత్సరం మినీ ప్రాజెక్టుకి మా బ్యాచ్ తీసుకున్న టాపిక్, ఒక పాట హిట్ అవుతుందో లేదో మెషీన్ లెర్నింగ్‌తో ముందే చెప్పడం. మొత్తం నలుగురం. కోడ్ ఇద్దరు, పీపీటీ ఒకడు, డేటా నేను. డేటా రెండు రకాలు. ఒకటి, అమెరికా పత్రిక బిల్‌బోర్డ్ పాత చార్టులు. రెండోది, మన కాలేజీలో ఎవరు ఏ పాటలు వింటున్నారో అడిగే గూగుల్ ఫామ్. కనీసం 200 మంది కావాలన్నారు గైడ్ మేడమ్. అన్ని వాట్సాప్ గ్రూపుల్లో బతిమాలితే 63 వచ్చాయి. రివ్యూ ముందురోజు రాత్రి మిగతా 137 హాస్టల్ రూమ్‌లో కూర్చుని మేమే నింపేశాం. "అందరూ చేసేదేరా" అన్నాడు రూమ్మేట్. నేనూ అలాగే అనుకున్నాను.

తర్వాత రిపోర్టులో బిల్‌బోర్డ్ గురించి ఒక పేజీ రాయాల్సొచ్చి గూగుల్ బుక్స్‌లో పాత సంచికలు తెరిచాను. అభిమానుల కోసం వేసే సంగీత పత్రిక అనుకున్నా. కాదు. 1894లో సిన్సినాటిలో గోడ పోస్టర్ల వ్యాపారం కోసం మొదలైన పత్రిక అది. తర్వాత సర్కస్‌లు, జ్యూక్‌బాక్సులు, రికార్డులు దాంట్లోకి వచ్చాయి. వ్యాపారం చేసేవాళ్ళతో వ్యాపారం గురించి మాట్లాడే పత్రిక. క్యాష్ బాక్స్ అని దానికో పోటీ పత్రిక కూడా ఉండేది. పేరులోనే గల్లాపెట్టె!

వాటిలో ప్రకటనలు చూస్తే నవ్వొచ్చింది. "ఈ పాట వినండి" అని ఉండదు. "ఇది తెప్పించుకో, బాగా పోతుంది" అన్నట్టుంటుంది. గొంతు ఎంత తియ్యగా ఉందన్నది కాదు, సరుకు ఎంత త్వరగా కదులుతుందన్నదే లెక్క. మన కిరాణా కొట్టుకి వచ్చే సబ్బుల ఏజెంటు మాటల్లాగే.

షాపుల్లో బాగా అమ్ముడైన రికార్డుల పట్టికని బిల్‌బోర్డ్ 1940 జూలై 27న మొదలుపెట్టింది. మొదటి స్థానం టామీ డోర్సీ బృందానిది. 1958 ఆగస్టులో హాట్ 100 వచ్చింది. అంతా బాగానే ఉంది. మరి షాపుల్లో అమ్మకాలు ఎవరు లెక్కపెట్టారు?

ఎవరూ లెక్కపెట్టలేదు. పత్రికవాళ్ళు షాపులని అడిగేవాళ్ళు, కౌంటర్ దగ్గర ఉన్న మనిషి ఏవి బాగా పోతున్నాయో చెప్పేవాడు. గుర్తున్నది చెప్పొచ్చు, తనకి నచ్చింది చెప్పొచ్చు, రికార్డు కంపెనీవాళ్ళు ఫ్రీగా ఏవైనా ఇచ్చి ఉంటే వాళ్ళ పాట చెప్పొచ్చు. ఆ పట్టిక చూసి వేరే ఊరి షాపువాడు అదే రికార్డు ఎక్కువ తెప్పించేవాడు. ఎదురుగా పెడితే అమ్ముడవుతుంది కదా. అలా అబద్ధం కూడా వారం తిరిగేసరికి నిజం అయిపోవచ్చు.

1991 మే 25 సంచిక నుంచి ఆల్బమ్ చార్టుకి సౌండ్‌స్కాన్ లెక్కలు వాడారు. అంటే బిల్లింగ్ కౌంటర్లో బార్‌కోడ్ స్కాన్ అయితేనే లెక్క. చార్టు ఒక్కసారిగా మారిపోయింది. కంట్రీ పాటల ఆల్బమ్‌లు పైకొచ్చాయి. జూన్‌లో ఎన్.డబ్ల్యూ.ఎ. ర్యాప్ ఆల్బమ్ మొదటి స్థానానికి వెళ్ళింది. సెప్టెంబర్‌లో గార్త్ బ్రూక్స్ కంట్రీ ఆల్బమ్ రావడమే నంబర్ వన్‌గా వచ్చింది. జనం రాత్రికి రాత్రి మారలేదు. అడిగే పద్ధతి మారింది, అంతే.

నాన్న పెళ్ళికి ముందు మా ఊరి బస్టాండ్ దగ్గర క్యాసెట్ల షాపులో రెండేళ్ళు పనిచేశాడు. ఫోన్ చేసి అడిగాను. "నాన్నా, మీ షాపులో 'సూపర్ హిట్' అని బోర్డు రాసేవాళ్ళు కదా, ఎలా రాసేవాళ్ళు?"

"ఏది మిగిలిపోతే దాని పేరు రాసేవాళ్ళం" అన్నాడు. పెద్దగా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఎందుకంటే మా ఫామ్‌లో కాలేజీ నంబర్ వన్‌గా వచ్చిన పాట మా రూమ్మేట్ రింగ్‌టోన్. 137 సార్లు మేమే నొక్కితే రాదా మరి! 1991కి ముందు చార్టుల మీద ట్రైన్ చేసిన మోడల్ నేర్చుకున్నది జనం ఇష్టాన్ని కాదు, చాలావరకు కౌంటర్ వెనక మనిషి మాటని. కనీసం అతను ఒక వారానికి చెప్పాడు. మేం 137 మంది మనుషుల్నే పుట్టించాం.

రెండు రోజులు మిగతా ముగ్గురితో గొడవ. "నీకెందుకురా ఈ నీతులు, మార్కులు పోతాయి" అన్నారు. వాళ్ళ మార్కులు కూడా పోతాయి కాబట్టి వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. చివరికి నలుగురం కలిసే మేడమ్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. "63తోనే చెయ్యండి. ఎందుకు తక్కువో రాయండి" అన్నారు. రివ్యూ మార్కులు మాత్రం తగ్గించారు. పీపీటీ చేసినవాడు నాతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు.

ఇప్పుడు మోడల్ యాక్యురసీ పడిపోయింది. రిపోర్టులో 1991కి ముందు, తర్వాత అని డేటాని రెండుగా విడగొట్టి, ఎందుకో ఒక పేజీ రాశాను. మొత్తం రిపోర్టులో నేను నిజంగా చదివి రాసిన పేజీ అదొక్కటే.

ఫైనల్ రివ్యూకి ఇంకా మూడు వారాలుంది. ఫామ్ ఓపెన్‌లోనే ఉంది. గ్రూపులో లింక్ మళ్ళీ పెడతాను. రెండు నిమిషాలే పడుతుంది, ఈసారైనా నింపండి ప్లీజ్. ఒక్కొక్కరు ఒక్కసారే.