అణాకి ఆరు పైసలు

రుషికొండలో మా ఆఫీసు. రాత్రి ఎనిమిదింటికి స్క్రీన్ మీద సున్నా వచ్చింది. టెస్టు కోసం మూడు ఖాతాలు పెట్టాను. పెద్ద ఖాతాలు రెండింటికీ రివార్డు పడింది. మొత్తం పది లక్షల్లో తొమ్మిది వేలు పెట్టిన చిన్న ఖాతాకి మాత్రం ఏమీ రాలేదు.

బ్లాక్‌చెయిన్ మీద డబ్బు లెక్కలు రాసే సాలిడిటీ భాషలో దశాంశాలతో పని జరగదు. అన్నీ పూర్ణాంకాలే. రూపాయిన్నరని 1.5 అనకుండా 150 పైసలని రాసుకున్నట్టు. ఒక ఈథర్‌ని 1 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని ముక్కలు చేస్తారు, ఆ ముక్క పేరు వెయ్. యూఎస్‌డీసీకి ఆరు సున్నాలు చాలు. ఇంతవరకూ హాయే. పేచీ అంతా భాగహారం దగ్గర. మిగిలిన భిన్నాన్ని చప్పుడు లేకుండా కోసి పడేస్తుంది. నా కోడు ముందు ఒక్కొక్కరి వాటాని శాతంగా మార్చి, ఆ తర్వాత రివార్డుతో గుణిస్తోంది. 0.9 శాతం కాస్తా సున్నా అయి కూర్చుంది. దాన్ని దేనితో గుణిస్తే ఏం లాభం?

"చిన్న ఖాతాలే కదా, డస్ట్, వదిలెయ్" అన్నాడు మా సీనియర్. ఒకసారి చెయిన్ మీదకి ఎక్కించాక మార్చడం తేలిక కాదని ఇద్దరికీ తెలుసు. నేనేమీ అనలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఇంటికెళ్లి నాన్నకి చెప్తే, తాత టీ హోటల్ సంగతి బయటికొచ్చింది. వన్‌టౌన్‌లో, పాత పోస్టాఫీసు దగ్గర ఉండేదట. పోర్టు కూలీలే గిరాకీ. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. 16 అణాల రూపాయి 100 పైసలయింది. లెక్కప్రకారం అణాకి ఆరుంపావు పైసలు. పావు పైసా నాణెం లేదు కాబట్టి ఆరన్నారు. అణా టీని ఆరుకి అమ్మితే పదహారు టీలకి 96, తాతకి నాలుగు పైసలు నష్టం. ఏడంటే 112, కూలీలకి పన్నెండు బొక్క. అందుకని ఖాతావాళ్లకి పైసల్లో రాయనే లేదట. నెలంతా అణాలే రాసి, ఆఖర్న మొత్తం కూడి, ఒక్కసారే మార్చేవాడట. పదహారుకి సరిగ్గా రూపాయి.

మర్నాడు గుణకారం ముందుకి తెచ్చి, భాగహారం చివరికి నెట్టాను. ఐదు వేల రివార్డులో ఆ చిన్న ఖాతాకి 45 వచ్చింది. సీనియర్ మళ్లీ డస్ట్ అనబోతే, 2025 నవంబరులో రౌండింగ్ తప్పుతోనే బాలన్సర్ నుంచి పది కోట్ల డాలర్ల పైన పోయిందని గుర్తుచేశాను. ఈసారి ఒప్పుకున్నాడు.

"అయినా ఏదో కొంచెం మిగుల్తాది కదా, అదెవరికి?" అన్నాడు నాన్న.

"కాంట్రాక్టులోనే ఉండిపోతుంది నాన్నా."

"అంటే హోటలుకే."

మరి తాత అలా మిగిలినదాన్ని ఏం చేసేవాడని అడిగాను. గుర్తులేదన్నాడు.