అమానతు డబ్బా

సీతమ్మధారలోని మా ఇంటికి కోడలు చేతిలో ఇమిడే లేబుల్ యంత్రాన్ని తెచ్చింది. సిరా అక్కరలేదు, వేడి తగిలినచోట పట్టీపై అక్షరాలు నల్లగా తేలుతాయి. కందిపప్పు మొదలు మందుల వరకు అన్నింటికీ పేర్లు అంటించింది. మేము నవ్వి ఊరుకోబోయాము. అంతలో గత రమజాను గుర్తుకొచ్చింది.

ఇతరులు మాకప్పగించిన జకాత్ సొమ్మును ఇంటిఖర్చుల డబ్బా అనుకొని వాడేశాము. రెండూ ఒకే రకం డబ్బాలు. పైకమంతా తిరిగి చేర్చినా మనసు కుదుటపడలేదు.

అప్పును వ్రాసుకోమని ఆదేశించే అల్ బఖరా 282వ ఆయతు దివ్య ఖుర్‌ఆన్‌లోకెల్లా సుదీర్ఘమైనది. దాన్ని ఏళ్లుగా బోధించే మేమే మా అల్మరా దగ్గర మరిచాము.

మామూలు పట్టీ పొయ్యిసెగకు నల్లబడుతుంది. అందుకే ఆ డబ్బాను వంటింటికి దూరంగా ఉంచి, 'అమానతు' అని, యజమాని పేరు, మొత్తం అంటించాము. పప్పు మారితే కూరే చెడుతుంది. అమానతు మారితే అల్లాహ్ ఎదుట లెక్క చెప్పుకోవాలి.