మంచంలో ఉన్న మనిషిని అడగాలి

మా అత్తకు పక్షవాతం వచ్చి మొన్న ఉగాదికి ఏడాది దాటింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట కాస్త తడబడుతుంది గానీ తెలివి ఎప్పటిలాగే చురుగ్గా ఉంది. ఆసుపత్రి నుంచి ప్రొద్దుటూరులో మా ఇంటికి తెచ్చాక, మా చిన్నాయన కూతురు నాలుగు రోజులుండి నాకు పని నేర్పించింది. తను జీఎన్ఎం చదివి కడప రిమ్స్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తోంది.

"అక్కా, మన చేత రోగికి కొత్త కష్టం రాకూడదు. అదే మొదటి పాఠం" అనింది.

అత్తను ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వేళ్ల సందులు, గోళ్లు కూడా రుద్దాలి. ఇది విన్నప్పుడు చిన్న విషయమే అనిపిస్తుంది. రోజుకు పదిహేనుసార్లు చేయాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది అదెంత పనో.

మాత్రల దగ్గర ఐదు ప్రశ్నలు వేసుకోమంది. మనిషి సరైన మనిషేనా? మందు అదేనా? మోతాదు ఎంత? నోటికా, సూదా? వేళ అయిందా? మొదట మేము చేర్పించిన ఒక ఆసుపత్రిలో పక్క మంచం ఆమె మాత్రలు మా చేతిలో పెట్టారు. అత్తే పేరు చదవమనింది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు వేసిన ప్రతి మాత్రా నోటు పుస్తకంలో టైముతో సహా రాస్తాను. ఒక పూట తప్పితే తర్వాత పూట రెండు కలిపి వేయకుండా డాక్టర్‌నే అడుగుతాం.

మన సీమ ఎండల్లో మంచాన పడ్డవాళ్లకు పెద్ద శత్రువు పుండు. చెమటకు నడుము, పిరుదులు, మడమలు నాని ఎర్రబడతాయి. అందుకే రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఈడ్చితే చర్మం ఒరుసుకుపోతుంది. కింద మడత దుప్పటి వేసి, ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఎత్తి జరుపుతాం. ఎర్రబడినచోట రుద్దకూడదు, ఆ వైపు బరువు పడకుండా చూడాలి.

రాగి జావ తాగించేటప్పుడు దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెడతాను. పడుకోబెట్టి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక చెంచా మింగాకే రెండోది. తాగాక అరగంట కూర్చోవాలి. పొలమారినా, గొంతు గరగరలాడినా వెంటనే ఆపేస్తాను.

ఇవన్నీ నేర్చుకోవచ్చు. మనసు పెట్టాల్సింది ఇంకొకటుంది. తిప్పే ముందు "తిప్పుతాన్నా అత్తా" అని చెప్పడం, బట్టలు మార్చేటప్పుడు తలుపు మూయడం, చూడ్డానికొచ్చిన వాళ్ల ముందు ఒంటికీ రెంటికీ సంగతులు ఎత్తకపోవడం.

ఒకరోజు మా ఆడబిడ్డలు, మరిది కూర్చుని ఆమెను కడపకు తీసుకపోవాలా, ఇక్కడే ఉంచాలా, ఆమె పేరున ఉండే చేను ఏం చేయాలా అని మంచం పక్కనే మాట్లాడుకుంటున్నారు. అత్త కుడిచేత్తో గ్లాసు తీసి బండ మీద కొట్టింది. "నేనింకా ఈడనే ఉండాను గదా, నన్నడగండి" అనింది. ఎవరికీ మాట రాలేదు. ఆ రోజు నుంచి ఏ నిర్ణయమైనా ముందు ఆమెకు చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే. చెయ్యి మునుపటిలా రావడం కష్టమని డాక్టర్ చెప్పినప్పుడు దాచుదామన్నారు. అత్త నేరుగా అడిగింది, నేను నిజమే చెప్పాను. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు కుడిచేత్తో తనే ముద్ద చేసుకోవడం మొదలుపెట్టింది.

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగ్ గురించి రాసిన పుస్తకం, నర్సుల కంటే ముందు ఇంట్లో రోగుల్ని చూసుకునే ఆడవాళ్ల కోసమే. గాలి, వెలుతురు, శుభ్రతతోపాటు రోగికి వినపడీ వినపడనట్టు గుసగుసలాడడం ఎంత హింసో అందులో చెప్పింది. నూటయాభై ఏళ్లు దాటినా మన ఇళ్లలో ఆ గుసగుసలు ఆగలేదు.

ఇంకొక్క మాట. చూసుకునే మనిషి కూడా మనిషే. రాత్రి రెండు గంటల పక్క మార్చడం మా ఆయన, ఐదు గంటలది నేను పంచుకున్నాం. కోడలి ఒక్కదాని మీదే వేస్తే, నిద్రలేని చేతులు మాత్రలు తారుమారు చేస్తాయి. మీ ఇంట్లో ఎవరైనా మంచంలో ఉంటే, ముందుగా వంతులు రాసి గోడకు అంటించండి. మగవాళ్ల పేర్లు కూడా రాయండి.