పూడిన చోటు

మా బావ మిలిటరీ వేలంలో కొన్న పాత పెట్రోలు లారీకి విచిత్రమైన జబ్బు చేసింది. పలకలు మోసుకుంటూ మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా రివ్వున పోతుంది. ఆపి యాక్సిలరేటరు వదిలామా, ఇంజను ఠక్కున చచ్చిపోతుంది. ఆ బండే వాళ్ళింటికి అన్నం. అయినా, "తూకానికి అమ్మెయ్యి బావా!" అనేశాను.

మెకానిక్కు ఒకప్పుడు నా క్లాసులో నోరు విప్పని కుర్రాడు. కార్బురేటరు మీది చిన్న మర అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంజను చప్పుడులో తేడా లేదు.

"పరుగెడుతోందంటే మెయిన్ జెట్టు బాగున్నట్టే సార్! నిలబడ్డప్పుడు పెట్రోలిచ్చే స్లో జెట్టు పూడింది."

విప్పితే, సూదిమొనంత రంధ్రంలో ట్యాంకు తుప్పు! గాలి కొట్టి బిగించాడు. లారీ నిలకడగా గుర్రుమంది.

వీణ్ణే ఆనాడు "మొద్దు" అన్నాను. పూడిందెక్కడో చూడకుండానే!