మిగిలిన ఆయిలు



నీ యింట మోటారు సైకిలు ఉన్నదా? ఉన్నయెడల ఈ మాటలు నీ కొరకే. లేనియెడల నీ తమ్మునికో అల్లునికో చదివి వినిపింపుము. నా తమ్మునికి నేను చేసిన నష్టమును దాచక చెప్పుచున్నాను.

వాడు తెల్లవారుజామున రెండు పాలక్యానులు బండికి తగిలించుకొని ఊరూర పాలు పోసికొని పట్టణమునకు చేర్చును. వాని కుటుంబము ఆ బండి మీదనే బ్రదుకుచున్నది. ఒక వేసవిలో వాడు వచ్చి, "అన్నా, ఆయిలు మార్చే వేళయింది, ఫిల్టరు కూడా కొనాలి" అనెను. నేను పెద్దరికము వహించి, "కొనడం దేనికిరా? నా స్నేహితుడి కారుకు పోయగా మిగిలిన డబ్బా ఉంది. ఫిల్టరు వచ్చేసారి చూద్దాం" అంటిని. అది మంచి ఆయిలే, ఖరీదైనదే. 400 రూపాయలు మిగిల్చితినని లోలోన మురిసితిని కూడ.

పది దినములు కాకమునుపే బండి మారాము చేయసాగెను. ఎత్తు ఎక్కునప్పుడు ఇంజిను అరచుటయే గాని చక్రము సాగదు. వాడు క్లచ్ తీగ బిగించుకొనుచు నెలన్నర లాగెను. తుదకొక ఉదయమున చెరువుకట్ట మీద, నిండు క్యానులతో, బండి నిలిచిపోయెను. ఎండలో ఆ పాలన్నియు విరిగిపోయినవి.

మెకానిక్కు ఆయిలు దింపి పళ్లెములో పట్టి నాకు చూపెను. నల్లని బురద! "కారుకి క్లచ్చు వేరే చోట పొడిగా ఉంటుందండీ. దీనికి ఇంజినూ, గేర్లూ, క్లచ్చూ అన్నీ ఒకే ఆయిల్లో మునిగి ఉంటాయి" అని అతడు చెప్పినప్పుడు నాకు తల కొట్టివేసినట్లయినది. పెట్రోలు ఆదా చేయుటకై కొన్ని కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించు మందులు కలుపుదురు. క్లచ్ ప్లేట్లు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనవలెను గదా. ఆ మందు వాటిని జారనిచ్చెను. జారి జారి అరిగిన పొడి పాత కాగితపు ఫిల్టరును మూసివేసెను. ఫిల్టరు మూసికొనిపోయిన యెడల ఇంజినుకు ఆయిలు బొత్తిగా అందకపోవునేమోయని, దానిని ప్రక్కదారిన పంపు చిన్న తలుపొకటి ఆ బండిలో ఉన్నది. అది తెరచుకొనగా వడకట్టని మురికి తిన్నగా లోనికి పోయి క్యామ్‌షాఫ్టును గీచివేసెను. ఆయిలు తప్పు ఒకటి, ఫిల్టరు తప్పు రెండవది, రెండును నావే.

కాబట్టి డబ్బా కొనకముందు బండితో వచ్చిన పుస్తకము తెరువుము. జాసో అనునది జపాను దేశపు ప్రమాణము. డబ్బా వెనుక ఆ పేరు ప్రక్క ఎంఏ అని గాని ఎంఏ2 అని గాని ఉన్నయెడల అది తడి క్లచ్చునకు తగినది. ఎంబీ అని ఉన్నది గేర్లు లేని స్కూటర్లకు. దానిని గేర్ల బండిలో పోయకుము. ఇక 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-50 అను అంకెలు ఆయిలు చిక్కదనమును తెలుపును. చిక్కనిదే బలమని మన ఊళ్లలో గట్టి నమ్మకము. నేనును అట్లే అనుకొనెడివాడను! పలుచనిది కోరు ఇంజినులో చిక్కనిది పోసిన, చలి ఉదయమున అది పై భాగములకు ఎక్కుటకు ఆలస్యమగును. ఎంత పోయవలెనో కూడ ఆ పుస్తకములోనే ఉండును.

ఫిల్టరు అన్ని బండ్లకు ఒక్కటి కాదు. స్ప్లెండర్ వంటివాటిలో కాగితపు ఫిల్టరే లేదు. జల్లెడయు, గిరగిర తిరుగుచు మురికిని అంచులకు నెట్టు గిన్నెయు ఉండును. వాటిని విప్పి కడిగించవలెను. కాగితపుది ఉన్నచోట అసలు కంపెనీదే కొనుము; దాని రబ్బరు రింగును కూడ మార్పించుము. తీసిన పాత ఆయిలును కాలువలో మాత్రము పోయనీయకుము.

మరమ్మతు ఖర్చు నేనే ఇచ్చితిని. తమ్ముడు నన్ను ఒక్క మాటయు అనలేదు. అయితే మరల ఆయిలు కొనవలసినప్పుడు వాడు నా యింటి మీదుగానే పోవుచు నన్ను పిలువలేదు. ఏడవ తరగతి చదువుచున్న కూతురును వెనుక కూర్చుండబెట్టుకొని పోయెను. దుకాణములో డబ్బా త్రిప్పి ఆ అక్షరములు ఆమెయే చదివినదట.