బొంత దగ్గర కూర్చోబెట్టండి

పిల్లలకి కుట్టుపని నేర్పాలని బుద్ధి పుడితే మనవాళ్లు ముందు జేబురుమాలు చేతికిస్తారు. జానెడు తెల్లగుడ్డ, మూల ఒక పువ్వు, రేకులకి గొలుసుకుట్టు, ఆకుకి కాడకుట్టు. బళ్లో కుట్లు-అల్లికల పీరియడ్ కూడా అంతే. వరుసకో రకం కుట్టు వేసిన ఆ గుడ్డ, మార్కులు పడ్డాక ఏ పెట్టె అడుగునో పడుంటుంది. అన్ని కుట్లు వచ్చిన పిల్లకి చొక్కా గుండీ ఊడితే మాత్రం మళ్లీ అమ్మే కావాలి. నన్నడిగితే రుమాలు పక్కన పెట్టి, పిల్లల్ని బొంత దగ్గర కూర్చోబెట్టాలి.

బొంతకి కావలసిన కుట్టు ఒక్కటే. సూది కిందికి దిగాలి, పైకి రావాలి. కాకపోతే వేలల్లో వేయాలి. మొదటి వరుస పాము పోయినట్టు పోతుంది. పోనివ్వండి. విప్పమని మాత్రం అనకండి. రుమాలు మీద ఒక్క కుట్టు తప్పితే చూసేవాళ్లకి అదే కనబడుతుంది. పిల్లలు సూది పారేసేదీ అప్పుడే. నాలుగు పొరల చీరల మీద అన్ని వరుసల మధ్య ఆ వంకర వరుసని వెతికే తీరిక ఎవరికుంది? కనబడినా చలి ఆపడంలో దానికేం లోటు లేదు. సగం బొంత అయ్యేసరికి చెయ్యి తనంతట తనే కుదురుకుంటుంది.

గుడ్డ విషయంలో మాత్రం పట్టుదల ఉండాలి. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలే కావాలి. సిల్కు, పాలియెస్టరు పొరలు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. జీన్స్ రెండు మూడు పొరలైతే సూది దిగదు, చిన్నవేళ్లు కందిపోతాయి. చీరలు పరిచి, ముడతలు సాపు చేసి, ముందుగా దూరం దూరంగా టాకాలు వేసేది పెద్దవాళ్లే. ఆ తర్వాత నాలుగు వైపులా నలుగురు కూర్చోవచ్చు. ఆరేళ్లవాడికి కన్ను పెద్దదిగా ఉన్న లావు సూది ఇస్తే చాలు. మాటిమాటికీ దారం ఎక్కించే బాధ ఉండదని పిల్లలు బారెడు దారం తీస్తారు. మూరెడు చాలని చెప్పక్కర్లేదు. ఒకసారి చిక్కు విప్పుకుంటే వాళ్లకే తెలుస్తుంది. మగపిల్లాడికి సూదెందుకని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల చొక్కాలు కుట్టే దర్జీ ఎవరో ఒకసారి చూసుకుంటే బాగుండును.

బెంగాల్ కాంథా, బీహార్ సుజని ప్రధానంగా ఈ కుట్టు మీదే నిలబడ్డాయి. కర్ణాటకలో హళియాళ, ఎల్లాపుర ప్రాంతాల్లో సిద్దీలున్నారు, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి. ఆ స్త్రీలు కుట్టే బొంతని కవంద్ అంటారు. అంచున మొదలుపెట్టి, పాతబట్టల ముక్కలు చేర్చుకుంటూ, చుట్టూ తిరిగి తిరిగి నడిమికి వస్తారు. నాలుగు మూలలా మడిచిన చిన్న ముక్కలు పెట్టి కుడితేగాని అది పూర్తయినట్టు కాదు. వాటిని పువ్వులంటారు. ఇంత పనికీ కాగితం మీద గీసుకున్న నమూనా అంటూ ఉండదు.

టీనేజి పిల్లలకి వరుసలు వేయడం ఒక్కటే అయితే విసుగు. వాళ్లకి ముక్కలు కత్తిరించి అతికే పని ఇవ్వాలి. ఎనిమిది ముక్కల వరుసలో ఏడు అతుకులు. ప్రతి అతుకులోనూ అటొక మిల్లీమీటరు, ఇటొక మిల్లీమీటరు ఎక్కువ పట్టారనుకోండి, చివరికి వరుస 14 మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది, పక్క వరుసతో కలవదు. స్కేలు ఎందుకు పట్టుకోవాలో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ వయసు పిల్లలకి నేను చెప్పే కథ అమెరికాది. అలబామాలో నది మెలిక తిరిగిన చోట జీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు పాతబట్టలతో బొంతలు కుట్టేవారు. 1942లో మిస్సూరి పెట్‌వే, చనిపోయిన భర్త పొలం బట్టలన్నీ తీసి బొంత కుట్టింది. వయసులో ఉన్న కూతురు అర్లోంజియా తల్లికి సాయపడింది. ఆ పల్లె బొంతలు 2002లో మ్యూజియం గోడలెక్కాయి, 2006లో తపాలా బిళ్లల మీదికొచ్చాయి. పెద్దయ్యాక అర్లోంజియా కూడా పేరున్న బొంతల కళాకారిణి అయింది.

మన ఇళ్లలో పాతబట్టలకి కొదవేముంది? ఏటా జూన్‌కి పొట్టివైపోయే యూనిఫాంలున్నాయి. పదో తరగతి అయ్యాక వేసవి సెలవుల్లో, నూలు పాలు ఎక్కువున్నవి ఏరి ముక్కలు చేసి, అడుగున అమ్మమ్మ చీరలు పరిచి, ఎవరి బొంత వాళ్లే కుట్టుకుని ఇంటర్ హాస్టల్‌కి పట్టుకుపోవచ్చు. పేరు కుట్టుకోవడం మరిచిపోకూడదు, అక్కడ దుప్పట్లు చేతులు మారతాయి. ఉతికే సంగతి కూడా ముందే చెప్పాలి. తడిసిన బొంత బకెట్లో పట్టదు, ఒక్కరికి లేవదు. స్నేహితుణ్ణి పిలిచి చెరో కొస పట్టుకుని పిండుకోవలసిందే.