పనిమనిషి వేషం

మా ఆఫీసు వార్షికోత్సవంలో ప్రతి ఏడూ ఒక స్కిట్ ఉంటుంది. అందులో తప్పకుండా ఒక పనిమనిషి ఉంటుంది. నాలుగేళ్లుగా ఆ పనిమనిషిని నేనే. ఎందుకంటే మాది ఆమదాలవలస :-)

నాకేదో నటన వచ్చని కాదు. నోరు తెరిచి "ఏటి", "ఎలిపోనాను" అంటే చాలు, హాలంతా నవ్వుతుంది. విజయనగరంలో ఇంజనీరింగ్ చదివినన్నాళ్లూ నాకొక యాస ఉందనే తెలీదు, అక్కడ అందరిదీ అదే కదా. హైదరాబాద్ వచ్చి ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే తెలిసింది. అప్పట్నుంచీ మీటింగుల్లో న్యూస్ రీడర్‌లా ఆచితూచి మాట్లాడతాను. టీమ్ లంచ్‌లో ఎవరైనా "మీ భాషలో ఒకటి వదలవా" అంటే సినిమాల్లో పనివాళ్లలా మాట్లాడి నవ్విస్తాను. మా ఇంట్లో మాట్లాడే మాట ఈ రెంటిలోనూ లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ మధ్య అపర్ణ నంచెర్ల కామెడీ వరసపెట్టి చూస్తున్నాను. తెలుగమ్మాయే. అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన డాక్టర్లు. ఆవిడ 1982లో వాషింగ్టన్‌లో పుట్టారు. థామస్ జెఫర్సన్ సైన్స్ హైస్కూల్, ఆ తర్వాత ఆమ్‌హెర్స్ట్ కాలేజీలో సైకాలజీ. మన లెక్క ప్రకారం ఇక అడ్మిషన్, ఆఫర్ లెటర్, పెళ్లి. ఆవిడేమో మైకు పట్టుకుని జోకులు చెప్పడానికి వెళ్లారు.

అదీ, గట్టిగా అరిచి గంతులేసే రకం కాదు. చాలా మెల్లగా, క్షమాపణ అడుగుతున్నట్టు మాట్లాడతారు. తన ఆందోళన, తన డిప్రెషన్, అవే సరుకు. కమావు బెల్ షోకి రాశారు, సెత్ మేయర్స్ లేట్ నైట్ షోకి రాశారు. 2016లో సొంత ఆల్బమ్, 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో అరగంట ప్రోగ్రాం. 'బోజాక్ హార్స్‌మన్'లో హాలీహాక్ గొంతు ఆవిడదే. 2018లో వచ్చిన 'ఎ సింపుల్ ఫేవర్' సినిమాలో ఒక చిన్న వేషం. మనవాళ్లకి బాగా ఎక్కేది మాత్రం 2018 నుంచి 2020 దాకా వచ్చిన 'కార్పొరేట్' సీరియల్. అందులో ఆవిడ హెచ్ఆర్! అప్రైజల్ సీజన్లో చూడండి, కడుపు మండుతూనే నవ్వొస్తుంది.

ఇవి చూస్తుంటే నాకు మన శ్రీలక్ష్మి గారు గుర్తొచ్చారు. నేను పుట్టకముందు సినిమాలు, మా అమ్మ పక్కన కూర్చుని టీవీలో చూశాను. 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984)లో సినిమా కథ చెప్పమంటే టైటిల్స్ దగ్గర్నుంచీ చెప్తారు. 'చంటబ్బాయ్' (1986)లో కవితలు రాసి ఎడిటర్ ప్రాణం తీస్తారు. ఆ టైమింగ్ ఇంకెవరికీ రాదు. కానీ ఈసారి ఒక సంగతి తట్టింది. ఆ రెండు సినిమాల్లోనూ నవ్వు దేనిమీద? కథ చెప్పే ఆడదాని మీద, కవిత రాసే ఆడదాని మీద. రాసింది జంధ్యాల గారు. ఆయనంటే నాకు ప్రాణమే, తప్పు పట్టడం లేదు. కలం ఎవరి చేతిలో ఉందో చూస్తున్నానంతే.

మా వైపు యాస సంగతీ అంతే అనిపించింది. 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' ఆడినప్పుడు గురజాడ మాట్లాడే భాషని స్టేజీ ఎక్కించారు. అందులో మధురవాణి తెలివి ముందు పెద్దమనుషులంతా వెర్రివాళ్లవుతారు. అదే నేల మాట సినిమాల్లోకి వచ్చేసరికి పనిమనిషికీ, అమాయకుడికీ పోయింది. మాట మారలేదు, రాసేవాళ్లు మారారు.

మరి సొంతంగా రాసుకుంటే భయం పోతుందా? అదీ లేదు. అపర్ణ 2023లో ఇంపోస్టర్ సిండ్రోమ్ మీద ఏకంగా పుస్తకమే రాశారు. ఆ ఆలోచన 1978 నుంచీ ఉంది, ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు పైకొచ్చిన ఆడవాళ్లని చూసి రాసింది. ఇన్ని షోలు చేసిన మనిషికే "నేను దొంగగా ఇక్కడ చేరానేమో" అనిపిస్తే, క్లయింట్ కాల్‌లో నాకు అనిపించడం వింతేం కాదు. తేడా ఒక్కటే. ఆవిడ ఆ భయాన్ని తన మాటల్లో తానే రాసి, జీతం కూడా తీసుకున్నారు. నేను నాలుగేళ్లుగా వేరేవాళ్లు రాసిన పనిమనిషిని ఫ్రీగా వేస్తున్నాను.

ఈ మాట ఫోన్లో అమ్మతో అంటే, "ఏటి, మన మాటకి ఆలకి నవ్వొస్తందా? అయితే ఊరికినే నవ్వించీడమేటి, డబ్బులడుగు" అంది.

డబ్బులడిగే ధైర్యం లేదు గానీ, ఈ ఏడు స్కిట్ నేను రాస్తానని కల్చరల్ టీమ్‌కి చెప్పాను. "నీకెందుకు శ్రమ, నువ్వు మాట్లాడితే చాలు కదా" అన్నారు. అయినా రెండు పేజీలు రాశాను. అందులో పనిమనిషి లేదు. ఆమదాలవలసలో ఒక అమ్మ, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కూతురు. కరెంటు బిల్లు కట్టడానికి కూతురు ఫోన్ చేసి ఓటీపీ అడుగుతుంది. "ఎవులడిగినా సెప్పకన్నావు, ఇప్పుడు నువ్వే అడుగుతన్నావు. అసలు నువ్వు నా కూతురివేనా?" అని అమ్మ ఫోన్ పెట్టేస్తుంది. కూతురు తను కూతురేనని రుజువు చేసుకోవాలి. న్యూస్ రీడర్ భాషలో ఎంత చెప్పినా అమ్మ నమ్మదు. చివరికి యాసలో ఒక్క కేక వేస్తే గానీ ఓటీపీ రాదు.

రాత్రి ఇది అమ్మకి చదివి వినిపించాను. ఒక్కచోటా నవ్వలేదు.

"ఇందల నవ్వడానికేటుంది? నిజిమే గదా" అంది.

వచ్చే నెల పదహారున స్కిట్. అమ్మ వేషం నాదే. భయంగానే ఉంది.